సిరాజ్ వేసిన 1113 బంతులు, ఎవరూ లెక్కపెట్టని మిగతా బంతులు

2025 ఆగస్టు 4న ఓవల్‌లో సిరాజ్ యార్కర్‌కి అట్కిన్సన్ వికెట్ ఎగిరిపోయింది. ఇండియా 6 పరుగుల తేడాతో గెలిచింది, సిరీస్ 2-2 అయింది. ఆ మర్నాటి నుంచి మాదాపూర్ టీ బండి దగ్గర్నుంచి గచ్చిబౌలి ఫుడ్ కోర్టుల దాకా ఒకటే మాట: "చూశావా? మనోడు ఐదు టెస్టులూ ఆడాడు. 1113 బంతులేశాడు. ఏమైంది? ఏం కాలేదు. ఈ వర్క్‌లోడ్ మేనేజ్‌మెంటూ గట్రా అంతా ఉత్తదే!"

అదే సిరీస్‌లో బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. లీడ్స్, లార్డ్స్, మాంచెస్టర్. మూడే ఆడతాడని ముందే చెప్పి మరీ ఆడించారు. ఇండియా గెలిచిన రెండు టెస్టులూ (ఎడ్జ్‌బాస్టన్, ఓవల్) బుమ్రా లేనివే. ఇంకేముంది, మన జనానికి పండగ.

హైదరాబాదీగా సిరాజ్ అంటే నాకూ గర్వమే. ఆటో నడిపి కొడుకుని ఆడించిన తండ్రి, 2020 నవంబరులో ఆ తండ్రి పోతే ఆస్ట్రేలియాలోనే ఉండిపోయిన కొడుకు, నెల తిరిగాక మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు. ఈ కథ తెలియని తెలుగువాడు ఉండడు. కానీ ఒక్కడు నిలబడ్డాడు కాబట్టి లెక్క తప్పు అనడం ఇంజనీరింగ్ చదివిన మనం చేయాల్సిన వాదన కాదు. అసలు ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏం చెప్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది చూద్దాం. చరిత్ర కాస్త పొడుగు. టీ తెచ్చుకోండి :)

స్కోరుబుక్కులో దాక్కున్న సమాచారం

క్రికెట్ స్కోరుకార్డులో బౌలర్ పేరు పక్కన నాలుగు అంకెలుంటాయి: ఓవర్లు, మెయిడెన్లు, పరుగులు, వికెట్లు. మనందరి కళ్లూ చివరి రెండింటి మీదే. మొదటి అంకె ఆ బౌలర్ ఒంటి మీద పడ్డ భారమని వందేళ్లకు పైగా ఎవరికీ పట్టలేదు. ఓవర్లంటే పరుగులని భాగించడానికి పనికొచ్చే హారం, అంతే.

ఆ అంకె కూడా పూర్తి నిజం చెప్పదు. నోబాల్, వైడ్ వేస్తే ఓవర్ లెక్కలోకి రాదు, కానీ భుజానికీ నడుముకీ లెక్కే. నెట్స్‌లో వేసిన బంతులు ఎక్కడా ఉండవు. మధ్యాహ్నం ఎండలో ఎనిమిది ఓవర్ల స్పెల్ వేశాడా, రెండేసి చొప్పున నాలుగు సార్లు వేశాడా అన్నది బౌలింగ్ అంకెల్లో కనపడదు.

మన దగ్గర ఈ లెక్క అవసరం రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనకు ఫాస్ట్ బౌలర్లే లేరు. 1962-63లో మన బ్యాట్స్‌మెన్‌కి వేగం అలవాటు చేయాలని బీసీసీఐ వెస్టిండీస్ నుంచి నలుగురు ఫాస్ట్ బౌలర్లను తెప్పించి రంజీ జట్లలో ఆడించింది. వాళ్లలో రాయ్ గిల్‌క్రిస్ట్ మన హైదరాబాద్‌కి ఆడాడు. వేగాన్ని దిగుమతి చేసుకున్న రోజులన్నమాట! తర్వాత హైదరాబాద్ నుంచి సయ్యద్ ఆబిద్ అలీ వచ్చాడు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అతనిది మీడియం పేస్. ఆ కాలంలో కొత్త బంతితో నాలుగు ఓవర్లు వేసి మెరుపు పోగొట్టడం, ఆ తర్వాత బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌లకి బంతి అందించడం. ఇదే పద్ధతి. రోజుకి ఐదారు ఓవర్లు వేసేవాడి వర్క్‌లోడ్ ఎవడు లెక్కపెడతాడు?

1978లో కపిల్ దేవ్ వచ్చాడు. 131 టెస్టులు, 434 వికెట్లు, 27,740 బంతులు. గాయంతో ఒక్క టెస్టు కూడా తప్పిపోలేదు. మధ్యలో పోయిన ఒకే ఒక్క టెస్టు (1984-85, కలకత్తా) క్రమశిక్షణ చర్య వల్ల పోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా "కపిల్‌కి లేని వర్క్‌లోడ్ వీళ్లకెందుకు" అన్నదే మన బ్రహ్మాస్త్రం. కానీ కపిల్ మనకు ఎందుకు గుర్తున్నాడు? విరగలేదు కాబట్టి. విరిగినవాళ్ల పేర్లు రంజీ స్కోరుకార్డుల్లో రెండు మూడు సీజన్లు కనిపించి ఆగిపోతాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాల మీద తూటా రంధ్రాలు లెక్కపెట్టి, రంధ్రాలు లేని చోట రేకు వేయమన్న గణిత శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇదీ అదే. తిరిగి రాని విమానాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లిల్లీ నడుము

ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేల మీద పడ్డప్పుడు అతని బరువుకి ఐదారు రెట్ల బలం వెనక్కి కొడుతుంది. అదే క్షణంలో నడుము పక్కకి వంగి, వెనక్కి సాగి, మెలి తిరుగుతుంది. ఆ దెబ్బ చివరికి వెన్నెముక అడుగు భాగంలో చిటికెన వేలంత కూడా లేని ఒక ఎముక వంతెన మీద పడుతుంది. అక్కడ సన్నటి పగుళ్లు వస్తాయి. విశ్రాంతి ఉంటే ఒళ్లు వాటిని పూడ్చేస్తుంది. పూడ్చే వేగం కన్నా పగిలే వేగం ఎక్కువైతే స్ట్రెస్ ఫ్రాక్చర్. కుడిచేతి బౌలర్‌కి ఎక్కువగా ఎడమవైపు వస్తుంది.

1973లో వెస్టిండీస్ పర్యటనలో డెనిస్ లిల్లీకి జరిగింది ఇదే. ఆరు వారాలు ప్లాస్టర్‌లో ఉన్నాడు. అప్పటికి అది కెరీర్ ముగింపు లాంటిదే. వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ పైక్ అనే వ్యాయామ శాస్త్ర నిపుణుడితో కలిసి ఒళ్లు మళ్లీ కట్టుకుని 1974-75 యాషెస్‌కి తిరిగొచ్చాడు. ఆ లిల్లీయే తర్వాత 1987లో చెన్నైలో ఎమ్మారెఫ్ పేస్ ఫౌండేషన్‌కి వచ్చి మన కుర్రాళ్లకి నేర్పాడు.

లిల్లీ వెన్ను వేసిన ప్రశ్నకి అదే పెర్త్ నగరంలో 1989లో ఒక జవాబు దొరికింది. సగటున 17 ఏళ్లు కూడా లేని 82 మంది కుర్ర ఫాస్ట్ బౌలర్లని ఒక సీజన్ పాటు వెంటబడి చూశారు. సీజన్ అయ్యేసరికి వాళ్లలో 11 శాతం మందికి వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్. తొమ్మిది మంది పిల్లలు! రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఎక్కువ బంతులు వేసినవాళ్లకి ఎక్కువ గాయాలు. రెండు, బంతి వేసేటప్పుడు భుజాలు ఒక వైపు, నడుము ఇంకో వైపు తిరిగే 'మిక్స్‌డ్ యాక్షన్' వాళ్లకి ఇంకా ఎక్కువ. అంటే బంతుల సంఖ్య ఒక్కటే కాదు, వేసే తీరు కూడా ముఖ్యం. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అమెరికా వాళ్ల లెక్క

గాయాన్ని అంకెల్లోంచి ముందే పట్టుకోవాలనే పిచ్చి బాగా ముదిరింది మాత్రం బేస్‌బాల్‌లో. మన బౌలర్‌కి నడుము ఎలాగో వాళ్ల పిచర్‌కి మోచెయ్యి అలాగ. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి మోచేతి లోపలి లిగమెంట్ తెగిపోతే, ఫ్రాంక్ జోబ్ అనే డాక్టర్ రెండో చేతిలోంచి ఒక నరం లాంటి స్నాయువు తీసి దాని స్థానంలో కట్టాడు. నూటికి ఒక్క ఛాన్స్ అని చెప్పి మరీ కట్టాడు. టామీ జాన్ 1989 దాకా ఆడాడు. జీవితంలో గెలిచిన 288 మ్యాచ్‌లలో 164 ఆపరేషన్ తర్వాతవే. ఆ ఆపరేషన్‌కి ఆయన పేరే ఉండిపోయింది.

బాగుచేయడం వచ్చాక, ముందే ఆపడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. ముందు వాళ్లకి దొరికింది బంతుల లెక్క. 1998లో రానీ జజాయెర్లీ అనే ఆయన (చదివింది వైద్యం, రాసేది బేస్‌బాల్) 'పిచర్ అబ్యూజ్ పాయింట్స్' అని ఒక కొలత పెట్టాడు. ఒక మ్యాచ్‌లో 100 బంతులు దాటాక వేసే ప్రతి బంతికీ శిక్ష పాయింట్లు. తర్వాత కీత్ వూల్నర్‌తో కలిసి దాన్ని సవరించారు: 100 పైన వేసినవాటి ఘనం. 110 వేస్తే 1,000 పాయింట్లు. 120 వేస్తే 8,000. 130 వేస్తే 27,000. అలసిపోయాక వేసే ఒక్కో బంతి ఎంత ఖరీదో చెప్పడానికి అది చక్కటి ఫార్ములా.

2003లో షికాగో కబ్స్ జట్టులో మార్క్ ప్రయర్ ఈ వాదనకి పోస్టర్ బాయ్ అయ్యాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడు, అద్భుతమైన చెయ్యి, సీజన్ చివర్లో దాదాపు మ్యాచ్ మ్యాచ్‌కీ 120 దాటించారు. 2006 తర్వాత పెద్ద లీగ్‌లో మళ్లీ కనపడలేదు. "చూశారా" అన్నారు అందరూ. కానీ 2005లో బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా తగిలి అతని మోచేతి ఎముక విరిగిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఒక్క ఉదాహరణతో లెక్క తప్పనలేం, సరే. ఒక్క ఉదాహరణతో లెక్క ఒప్పు కూడా అనలేం కదా.

తర్వాత వచ్చినదే మన జాతికి నచ్చే భాగం. 2006 చివర్లో మొదలై తర్వాత రెండేళ్లలో ప్రతి స్టేడియంలోనూ 'పిచ్ ఎఫ్ఎక్స్' కెమెరాలు పెట్టారు. ప్రతి బంతి వేగం, తిరుగుడు, చేతిలోంచి వదిలిన చోటు అన్నీ అంకెలుగా దొరికాయి. పైగా లీగ్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా ఎవరికైనా అందుబాటులో ఉండేవి. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి స్క్రిప్టులు రాసే జనం వాటి మీద పడ్డారు. 2009లో జోష్ కాక్ అనే ఆయన ఈ అంకెల్ని న్యూరల్ నెట్‌వర్క్‌కి తినిపించి, గాయానికి ముందు పిచర్ ఎలా మారతాడో చూపే ప్రయత్నం చేశాడు. ఆ తర్వాత టాంపా బే రేస్ జట్టు ఆయన్ని ఉద్యోగంలోకి తీసేసుకుంది.

ఆలోచన సులువైనదే. మనిషికి నొప్పి అని తెలియకముందే ఒళ్లు సర్దుకోవడం మొదలుపెడుతుంది. మోకాలు నొప్పి ఉన్నవాడు కుంటడం మొదలుపెట్టినట్టు. వేగం కొంచెం తగ్గుతుంది, బంతి వదిలే ఎత్తు కొన్ని అంగుళాలు దిగుతుంది, బంతి అనుకున్న చోట పడదు. పిచర్‌ని వేరే పిచర్లతో పోల్చకూడదు, నెల క్రితం తనతోనే పోల్చాలి. సర్వర్‌ని మానిటర్ చేసేది కూడా ఇలాగే కదా. పక్క సర్వర్ ఎంత సీపీయూ తింటోందని కాదు, ఇది నిన్న ఎంత తింది, ఇవాళ ఎంత తింటోంది అని.

అయితే గాయాలు తగ్గాయా? తగ్గలేదు, పెరిగాయి. బంతుల మీద పరిమితి వచ్చింది, ఇన్నింగ్స్ మీద వచ్చింది, అయినా మోచేతులు తెగుతూనే ఉన్నాయి. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా బయటపెట్టిన నివేదిక ముఖ్య కారణాలుగా చెప్పింది ఏంటంటే: విపరీతమైన వేగం కోసం పరుగు, ప్రతి బంతినీ శక్తి మొత్తం పెట్టి వేయడం. 2008లో గంటకి సుమారు 147 కి.మీ. ఉన్న సగటు ఫాస్ట్‌బాల్ వేగం 2024కి సుమారు 151.5 అయింది. బంతుల సంఖ్యకి హద్దు పెట్టారు, వాళ్లు ఒక్కో బంతిలో పెట్టే బలం పెంచుకున్నారు. పని గంటలు కొలిస్తే గంటలు తగ్గుతాయి, పని ఒత్తిడి తగ్గదు. మన టైమ్‌షీట్లు చూసినవాడికి ఇది వేరే చెప్పాలా?

మళ్లీ క్రికెట్‌కి: మూడు లెక్కలు, ఒక బగ్

ఈలోగా ఆస్ట్రేలియా వాళ్లు తమ లెక్క ముందుకు నడిపారు. మూడు మైలురాళ్లు చెప్తాను.

2003లో 90 మంది ఫాస్ట్ బౌలర్ల మీద వచ్చిన అధ్యయనం. మ్యాచ్, ప్రాక్టీసు కలిపి వారానికి 123 నుంచి 188 బంతులు వేసేవాళ్లు కాస్త క్షేమం. 188 దాటితే ప్రమాదం పెరుగుతుంది, అది ఊహించిందే. ఊహించనిది ఏంటంటే, 123 కన్నా తక్కువ వేసినా పెరుగుతుంది. అంటే విశ్రాంతి ఎక్కువైనా ముప్పే. ఒళ్లు అలవాటు తప్పుతుంది.

2009లో జాన్ ఆర్చర్డ్ బృందం చెప్పింది: ఒక మ్యాచ్‌లో 50 ఓవర్లు దాటితే గాయం అప్పుడే రాదు, తర్వాతి మూడు నాలుగు వారాల్లో వచ్చే అవకాశం పెరుగుతుంది. గాయం ఆలస్యంగా వస్తుంది కాబట్టే కెప్టెన్‌కి కారణం కనపడదు. ఈ స్ప్రింట్‌లో పెట్టిన మెమరీ లీక్ మూడో స్ప్రింట్‌లో ప్రొడక్షన్‌ని పడగొట్టినట్టు.

2014లో బిల్లీ హ్యూలిన్, టిమ్ గాబెట్ వాళ్లది. ఎంత వేశావన్నది కాదు, అలవాటైనదానికన్నా ఎంత ఎక్కువ వేశావన్నది ముఖ్యం అన్నారు. ఈ వారం భారాన్ని గత నాలుగు వారాల సగటుతో భాగించు. ఒకటి దగ్గర ఉంటే ఫర్వాలేదు, రెండు దాటితే ఎర్ర లైటు. లెక్క ఎంత సులువుగా ఉందంటే ప్రపంచంలో ప్రతి జట్టు డాష్‌బోర్డు మీదకీ ఎక్కేసింది.

ఇక బగ్. ఆ "నాలుగు వారాల సగటు"లో ఈ వారం కూడా ఉంది! మూడు వారాలు 120 బంతుల చొప్పున వేసి ఈ వారం 240 వేశాడనుకోండి. మామూలుగా చూస్తే రెట్టింపు. ఈ ఫార్ములాలో హారం 150 అవుతుంది, జవాబు 1.6. ఇంకో బౌలర్ మూడు వారాలు ఇంట్లో కూర్చుని ఈ వారం 240 వేశాడు. హారం 60, జవాబు 4. మూడో వాడు మూడు వారాలు కూర్చుని ఈ వారం ఆరంటే ఆరే బంతులు వేశాడు. హారం 1.5, జవాబు అదే 4! ఆరు బంతులు, 240 బంతులు ఒకే ప్రమాదమట. లవం హారంలో కలిసిపోయిన తప్పు ఇది. ఇలాంటి లోపాలని ఎత్తిచూపుతూ ఇంపెలిజెరీ తదితరులు 2020 నాటికి ఈ నిష్పత్తిని వదిలేయమని గట్టిగానే రాశారు. ఒక్కసారిగా పెంచకు అన్న బుద్ధి మాత్రం అలాగే నిలబడింది. పోయింది దాన్ని ఒక్క అంకెలో ఇరికించిన గర్వం.

"ముందే చెప్పేస్తుంది" అనేవాళ్లకి

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవి. వెయ్యి 'బౌలర్-వారాలు' ఉన్నాయి, వాటిలో నూటికి రెండింట్లో గాయం అవుతుంది అనుకుందాం. అంటే 20. మన దగ్గర గొప్ప మోడల్ ఉంది, 80 శాతం గాయాల్ని ముందే పట్టేస్తుంది: 16. గాయం కానివాళ్ల విషయంలో 10 శాతమే తప్పుడు అలారం: 980లో 98. మొత్తం అలారాలు 114. వాటిలో నిజమైనవి 16. ఏడింట్లో ఒకటి!

ఏడుసార్లు సిరాజ్‌ని కూర్చోబెడితే ఆరుసార్లు అనవసరంగా కూర్చోబెట్టినట్టు. ఏ ఆరో ఎవరికీ తెలీదు. ఏడోసారి గాయం తప్పింది కూడా ఎవరికీ కనపడదు. జరగని గాయానికి స్కానింగ్ రిపోర్టు ఉండదు కదా. రాత్రి మూడింటికి ఫోన్ మోగే ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్లకి ఈ బాధ అర్థమవుతుంది. పది తప్పుడు అలర్ట్‌ల తర్వాత పదకొండోది మ్యూట్ చేస్తాం. వర్క్‌లోడ్ మీద జనానికి వచ్చిన విసుగు అచ్చంగా ఇదే.

కాబట్టి ఈ అంకెలు జాతకం చెప్పవు. గాయం ఎప్పుడొస్తుందో చెప్పవు. ఇలా ఆడిస్తూ పోతే నూరుమందిలో ఎంతమంది పోతారో మాత్రం చెప్తాయి. సిగరెట్ల లాగా. తొంభై ఏళ్లు బతికిన చుట్ట తాతయ్య ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

ఇప్పుడు సిరాజ్ లెక్క

సిరాజ్ ఆ సిరీస్‌లో వేసింది 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు. వికెట్లు 23. బుమ్రా వేసింది 119.4 ఓవర్లు, 718 బంతులు, వికెట్లు 14. జూన్ 20 నుంచి ఆగస్టు 4 దాకా 46 రోజులు. సిరాజ్‌కి వారానికి సగటు కడితే సుమారు 169 బంతులు. అంటే 2003 అధ్యయనం చెప్పిన 123-188 గీతల మధ్యే! నెట్స్ కలిపితే పైగీత దాటుతుందనుకోండి, అయినా జనం అనుకున్నంత అసాధ్యమేమీ కాదు.

కానీ సగటుని నమ్మి ఎవరం సిస్టమ్ డిజైన్ చేయం. ఓవల్ టెస్టొక్కటే తీసుకుంటే 16.2, 30.1, మొత్తం 46.3 ఓవర్లు, 279 బంతులు. ఆర్చర్డ్ చెప్పిన 50 ఓవర్ల గీతకి ఇవతలే ఆగాడు. అయిదో రోజు పొద్దున తీసిన ఆఖరి వికెట్ ఆ గీతకి మూడున్నర ఓవర్ల దూరంలో ఉంది. ఆ తర్వాత ఏమైంది? సెప్టెంబరు ఆసియా కప్ జట్టులో అతను లేడు. అంతర్జాతీయ మ్యాచ్ లేకుండా దాదాపు రెండు నెలలు గడిచాయి. అక్టోబరులో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద మళ్లీ బంతి పట్టి 40 పరుగులకు 4 వికెట్లు తీశాడు. అంటే వర్క్‌లోడ్‌ని ఓడించిన వీరుడిగా మనం మోస్తున్న సిరాజ్‌కి కూడా పెద్ద భారం తర్వాత విరామం దొరికింది.

బుమ్రా పక్క చూడండి. 2019లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్. 2022లో మళ్లీ వెన్ను, టీ20 ప్రపంచకప్ పోయింది. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్. 2024-25 ఆస్ట్రేలియా సిరీస్‌లో 151.2 ఓవర్లు, 32 వికెట్లు, చివరికి సిడ్నీ రెండో ఇన్నింగ్స్‌లో బౌలింగ్ చేయలేని స్థితి, ఆ తర్వాత చాంపియన్స్ ట్రోఫీ పోయింది. పెర్త్ అధ్యయనంలో రెండో మాట గుర్తుందా? వేసే తీరు. పొట్టి రనప్‌తో వచ్చి ఆఖరి అడుగులో అంత వేగం పుట్టించే ఒళ్లు ఒకటి, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి లయతో వేసే ఒళ్లు ఇంకొకటి. పైగా గాయానికి అన్నిటికన్నా నమ్మకమైన సూచిక పాత గాయమే. ఇద్దరికీ ఒకే కోటా పెట్టడం తప్పు. ఒకడి కోటా చూపించి ఇంకొకణ్ణి దెప్పడం అంతకన్నా తప్పు.

అసలు లెక్క ఎవరికి లేదు?

సిరాజ్, బుమ్రాలకి బెంగళూరులో బోర్డు వాళ్ల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. ఫిజియోలు, భుజాల మధ్య చొక్కాలో జీపీఎస్ పరికరం, నెట్స్‌లో వేసిన బంతిని కూడా పట్టే సెన్సర్లు. మన చర్చంతా ఈ పదీ పాతిక మంది చుట్టూనే. కానీ 1989లో వెన్ను విరిగింది స్టార్లకి కాదు, పదహారు పదిహేడేళ్ల పిల్లలకి. ఎముక ఇంకా ముదరని వయసు.

ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడిన సిరాజ్ 2015లో రంజీకి వచ్చాడు. 2016-17 సీజన్‌లో భరత్ అరుణ్ హైదరాబాద్ కోచ్‌గా ఉన్నప్పుడు 41 వికెట్లు తీశాడు. అంతకుముందు ఎన్ని బంతులు వేశాడు? అతనికే తెలీదు. ఇప్పుడు అతన్ని చూసి ఊరంతా ఫాస్ట్ బౌలర్లే. నార్సింగి నుంచి ఉప్పల్ దాకా ఎక్కడ చూసినా అకాడమీ బోర్డులే. వాటిలో పదిహేనేళ్ల కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. పొద్దున అకాడమీ నెట్స్, మధ్యాహ్నం స్కూల్ జట్టు, ఆదివారం క్లబ్ లీగ్, మధ్యలో సెలక్షన్ ట్రయల్స్, సాయంత్రం బస్తీలో బెట్ మ్యాచ్. నలుగురు కోచ్‌లు. ఎవరి ఓవర్లు వాళ్లకే కనపడతాయి. నాలుగు సిస్టమ్స్, నాలుగు డేటాబేసులు, ఇంటిగ్రేషన్ సున్నా. అన్నిటినీ కలిపే ప్రైమరీ కీ ఆ కుర్రాడి నడుమే. అది ఎర్రర్ ఇచ్చేదాకా ఎవరికీ తెలీదు.

వేరే దేశాల వాళ్లు దీన్ని ఎలా చూశారు? ఇంగ్లండ్ బోర్డు పిల్లల మార్గదర్శకాల్లో చాలా ఏళ్లుగా ఉన్న లెక్క ఇది: 13 ఏళ్ల లోపు ఫాస్ట్ బౌలర్ ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకి 10. 14-15 ఏళ్లకి 6, 12. 16-17 ఏళ్లకి 7, 18. అమెరికాలో లిటిల్ లీగ్ 2007 నుంచే పిల్లల బంతుల లెక్క పెట్టింది. 2014లో మేజర్ లీగ్ వాళ్లు 'పిచ్ స్మార్ట్' పేరుతో వయసుల వారీగా హద్దులు ప్రకటించారు: 11-12 ఏళ్లకి రోజుకి 85, 17-18 ఏళ్లకి 105, పైగా ఒకే సమయంలో రెండు మూడు జట్లకి వేయొద్దని హెచ్చరిక. ఏఐ వచ్చి కనిపెట్టిందేమీ కాదు ఇది. కాగితం, పెన్సిలు.

దీనికి కావాల్సింది ఇరవై రూపాయల నోటుబుక్కు. అది కోచ్ దగ్గర కాదు, కుర్రాడి సంచిలో ఉండాలి. రోజూ మూడే అంకెలు: మ్యాచ్‌లో బంతులు, నెట్స్‌లో బంతులు, పొద్దున లేచినప్పుడు నడుము నొప్పి పదికి ఎంత. వారానికోసారి కూడిక. గత వారం కన్నా ఒక్కసారిగా పెరిగితే ఆగడం. ఒకవైపు నడుము నొప్పి రెండు వారాలు పోకపోతే బామ్ రాయడం మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లడం. ఇంతే. తొలి రోజుల్లో పగులు పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో అతుక్కునే అవకాశం బాగా ఎక్కువ. పట్టుకోకపోతే ఒక్కోసారి అది ఎప్పటికీ అతుక్కోదు.

ఆ నోటుబుక్కు లేనందువల్ల పోయేది ఒక వికెట్టో ఒక సిరీసో కాదు. ఆటో నడిపో, అపార్టుమెంటుకి కాపలా కాసో, బూట్లకీ ఫీజులకీ అప్పు చేసిన ఒక తండ్రి నాలుగేళ్ల సంపాదన. స్టార్ గాయపడితే కాంట్రాక్టు ఉంటుంది. పదహారేళ్లవాడు గాయపడితే ఇంకో పదహారేళ్లవాడు వస్తాడు, అంతే.

ఇక మన సంగతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా కుర్చీ, శనివారం కార్పొరేట్ టోర్నమెంటులో ఫుల్ రనప్‌తో నాలుగు ఓవర్లు. పైన చెప్పిన ఫార్ములాలో మన స్కోరు ఎంతో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ముందు రెండు వారాలు వారం మధ్యలో ఓ ముప్పై బంతులు నెమ్మదిగా వేసి, అప్పుడు దిగండి. మీ అబ్బాయో, అక్క కొడుకో, వాచ్‌మన్ కొడుకో అకాడమీకి వెళ్తూ ఉంటే, ఈ ఆదివారం "ఎన్ని వికెట్లు తీశావు?" అని అడిగే బదులు "ఈ వారం మొత్తం ఎన్ని బంతులేశావు?" అని అడిగి చూడండి. వాడు తల గోక్కుంటే, నోటుబుక్కు ఖర్చు మీదే.